నిలబడితే బాగుంది, కూర్చుంటే జారుతోంది: ఆఫీసు ప్యాంటు ఒంటికి సరిపోయేలా ఎంచుకునేదెలా

నడుం దగ్గర సరిపోయింది, తొడల దగ్గర పట్టేసింది. తొడలకు సరిపోయేది తీసుకుంటే వెనక నడుం దగ్గర పిడికిలి దూరేంత ఖాళీ. షాపులో అద్దం ముందు బాగానే ఉంది, ఆఫీసుకెళ్లి కుర్చీలో కూర్చోగానే వెనక నడుం పట్టీ దిగిపోయింది. బ్యాంకులో చేసేవాళ్లు, స్కూల్లో చెప్పేవాళ్లు, శ్రీసిటీ ఫ్యాక్టరీల వైపు షిఫ్టులకు బస్సెక్కేవాళ్లు, ప్యాంటు వేసుకునే ఆడవాళ్లందరూ తిప్పి తిప్పి అడిగేది ఈ మూడే. మూడింటికీ మూలం చాలాసార్లు ఒక్కటే: ప్యాంటును నడుం నంబరు చూసి కొంటున్నారు. నడుం అన్నిటికన్నా తేలిగ్గా సరిచేయగలిగే చోటు. సరిచేయలేనివి వేరే ఉన్నాయి, కొనేటప్పుడు చూడాల్సింది వాటిని.

పియర్, యాపిల్, అవర్‌గ్లాస్ అంటూ ఒంటికి పేర్లు పెట్టే పద్ధతిని ఇక్కడ పక్కన పెడుతున్నాం. ఒకే పండు పేరు చెప్పుకునే ఇద్దరికి ఒకే ప్యాంటు పట్టదు. టేపు చెప్పేదే లెక్క.

కావలసినవి

కొలత టేపు ఒకటి. పాత గుడ్డ టేపులు సాగిపోయి ఉంటాయి కాబట్టి వాడేముందు స్టీలు స్కేలు పక్కన పెట్టి 12 అంగుళాల దగ్గర తేడా ఉందేమో చూడండి. లంగా నాడా ముక్క, గట్టి స్టూలు లేదా చెక్క కుర్చీ, మీకు బాగా పట్టిన పాత ప్యాంటు ఏదైనా ఉంటే అది, ఆఫీసుకు వేసుకునే చెప్పులు, నాలుగైదు పిన్నీసులు. కొలిచేదానికి ఇంట్లో అక్కో వదినో ఉంటే మంచిది. సీటు కొలత, అంటే పిరుదుల చుట్టుకొలత, ఒక్కరే తీసుకుంటే టేపు వెనక కిందికి జారి, తప్పు అంకె వస్తుంది.

1. ఐదు కొలతలు తీసుకోండి

పొద్దున్నే ఖాళీ కడుపుతో కొలవకండి. మధ్యాహ్నం భోజనం చేసిన గంటకు కొలవండి. ప్యాంటు మోయాల్సింది ఆ కడుపునే. పలచటి లెగ్గింగ్ మీదే కొలవాలి, చుడీదారు మీద కాదు.

నడుం: పట్టీ ఎక్కడ కూర్చోవాలనుకుంటున్నారో అక్కడ నాడా కట్టండి. బొడ్డు మీదా, కిందా అన్నది మీ ఇష్టం, కానీ అన్ని కొలతలకూ అదే చోటు. నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి కొలవండి. కూర్చున్నప్పుడు అంగుళం, ఒక్కొక్కరికి రెండంగుళాలు పెరుగుతుంది. రెండూ రాసుకోండి.

సీటు: పిరుదుల దగ్గర అన్నిటికన్నా వెడల్పైన చోటు. చాలామందికి నాడా కింద 7 నుంచి 9 అంగుళాల మధ్య వస్తుంది. టేపు నేలకు సమాంతరంగా ఉందో లేదో పక్కనున్నవాళ్లు చూడాలి. పొట్ట ముందుకు ఉన్నవాళ్లు పొట్టను కూడా కలుపుకుని చుట్టండి.

తొడ: గజ్జల నుంచి అంగుళం కింద, నిలబడి. రెండు తొడలూ కొలిచి పెద్దది రాసుకోండి.

కూర్చున్న లోతు: ఎక్కువమంది వదిలేసేది, ఎక్కువ ప్యాంట్లను పాడుచేసేది ఇదే. గట్టి స్టూలు మీద నిటారుగా కూర్చుని, నాడా దగ్గర్నుంచి ఒంటి పక్కగా స్టూలు చెక్క దాకా కొలవండి. పరుపు మీదా సోఫా మీదా కూర్చుంటే ఒళ్లు దిగబడిపోయి కొలత తప్పుతుంది.

లోపలి పొడవు: గజ్జల నుంచి చీలమండ ఎముక దాకా, ఆఫీసు చెప్పులు వేసుకుని.

వీటిని ఫోన్లో ఒక వరసలో పెట్టుకోండి. ఉదాహరణకు: నడుం 30, కూర్చుంటే 31½, సీటు 42, తొడ 24½, లోతు 10½, లోపలి పొడవు 27.

2. సీటులోంచి నడుం తీసేయండి

పై ఉదాహరణలో 42 లోంచి 30 పోతే 12. ఈ ఒక్క అంకె మీ ప్యాంటు కథంతా చెబుతుంది. రెడీమేడ్ సైజు చార్టుల్లో ఈ తేడా సాధారణంగా 8 నుంచి 10 అంగుళాల దగ్గర ఉంటుంది. మీరు కొనబోయే బ్రాండు చార్టు తెరిచి, మీ సైజు వరసలో ఇదే తీసివేత చేసి చూడండి.

మీ తేడా చార్టు తేడా కన్నా ఎక్కువైతే సీటు సైజు కొని నడుం తగ్గించుకోవాలి. చార్టులో ఎల్ సైజుకు నడుం 32, సీటు 41, ఎక్స్‌ఎల్‌కు నడుం 34, సీటు 43 అని ఉందనుకోండి. 30 నడుం చూసి ఎమ్ కొంటే సీటు దగ్గర చిక్కుకుంటుంది. సీటు 42 కాబట్టి కొనాల్సింది ఎక్స్‌ఎల్.

తేడా 6, 7 మాత్రమే ఉంటే, అంటే పొట్టకూ సీటుకూ పెద్ద తేడా లేకపోతే, లెక్క తిరగబడుతుంది. అప్పుడు నడుం సైజే కొనాలి, అదీ కూర్చున్నప్పటి నడుంకు. సీటు దగ్గరా తొడ దగ్గరా మిగిలిన గుడ్డను పక్క కుట్టులో లాగించుకోవచ్చు. వెనక సగం ఎలాస్టిక్, ముందు సాదా పట్టీ ఉన్నవి ఇలాంటి ఒంటికి చాలా సుఖం. సిజేరియన్ అయినవాళ్లు పట్టీ అంచు కుట్టు గీత మీద పడకుండా, బొడ్డు మీదికి వచ్చే రకం చూసుకోండి.

ఒక జాగ్రత్త: ఆన్‌లైన్ చార్టుల్లో రెండు రకాల అంకెలుంటాయి. ఒకటి ఒంటి కొలత, ఇంకోటి బట్ట కొలత. బట్ట కొలతను ఒంటి కొలత అనుకుని తెప్పించుకుంటే రెండంగుళాలు బిగుతు వస్తుంది. అంకె సెంటీమీటర్లలో ఉంటే 2.54తో భాగించండి.

3. బాగా పట్టిన పాత ప్యాంటును కొలిచిపెట్టుకోండి

గచ్చు మీద పరిచి, జిప్పు వేసి, ముడతలు చేత్తో సాపు చేసి కొలవండి. నడుం, సీటు, తొడ అడ్డంగా కొలిచి రెట్టింపు చేయాలి. ఆ తర్వాత పక్క కుట్టు మొత్తం పొడవు లోంచి లోపలి కుట్టు పొడవు తీసేయండి. మిగిలింది ఆ ప్యాంటు లోతు. అది మీ స్టూలు కొలత కన్నా అర అంగుళం నుంచి అంగుళం దాకా ఎక్కువ ఉండాలి. మీ లోతు 10½ అయితే ప్యాంటుకు 11 నుంచి 11½. ఏ షాపులోనైనా, ట్రయల్ రూము ఖాళీ లేని దసరా సంక్రాంతి రోజుల్లో కూడా, ఈ తీసివేత ఒక్కటి చేస్తే సగం ప్యాంట్లు పక్కకు పోతాయి.

4. గుడ్డ చూడండి

మన ఎండకు ముందు అందరూ కాటన్ అంటారు. సరే, కానీ నూరు శాతం కాటన్ ప్యాంటు మధ్యాహ్నానికి మోకాళ్ల దగ్గర బుడగ తేలి, ఒళ్లో అడ్డంగా ముడతలు పడి ఉంటుంది. కాటన్‌లో 2, 3 శాతం స్పాండెక్స్ (సాగే దారం) కలిసినది, లేదా పాలిస్టర్–విస్కోస్ కలిపినది ఆఫీసుకు నిలబడుతుంది. పూర్తి పాలిస్టర్‌ను రోహిణి కార్తెలో స్కూటీ మీద వేసుకుని చూస్తే ఎందుకు వద్దంటున్నామో ఎవరూ చెప్పక్కర్లేదు.

సాగే గుడ్డ అయితే మోకాలి దగ్గర రెండు చేతులతో లాగి, పది లెక్కపెట్టి వదలండి. వెంటనే వెనక్కి పోవాలి. అక్కడ వదులుగా నిలిచిపోతే సాయంత్రానికి మోకాళ్లూ సీటూ సంచుల్లా వేలాడతాయి. తెలుపు, క్రీము, లేత బూడిద రంగుల లోపల అరచెయ్యి పెట్టి వెలుతురుకు పట్టండి. వేళ్లు లెక్కపెట్టగలిగితే అది ఆఫీసు ప్యాంటు కాదు. వెంకటగిరి కాటన్ ముక్కతో ప్యాంటు కుట్టించుకోవచ్చా అనీ అడుగుతుంటారు. అది చీరకు నేసిన సన్నపు నేత, సీటు దగ్గర కుట్టు వెంట విచ్చుకుపోతుంది. కుర్తా కుట్టించుకోండి.

5. వేసుకునే ముందు లోపలికి తిప్పండి

వెనక మధ్య కుట్టు, పక్క కుట్టు లోపల ఎంత గుడ్డ వదిలారో చూడండి. ఆడవాళ్ల రెడీమేడ్ ప్యాంట్లలో చాలావాటికి అర అంగుళం కూడా ఉండదు, అంటే వదులు చేయడం కుదరదు. వెనక పట్టీ మధ్యలో కుట్టుతో రెండు ముక్కలుగా ఉంటే నడుం తగ్గించడం తేలిక. ఒకే ముక్కగా ఉంటే పట్టీ విప్పి కోసి మళ్లీ వేయాలి, కూలి పెరుగుతుంది. కాలి అంచు మడతలో అంగుళంన్నర ఉంటే పొడవు పెంచుకునే దారి ఉన్నట్టే.

6. ట్రయల్ రూములో

రెండు సైజులు లోపలికి తీసుకెళ్లండి, సీటుకు సరిపోయేదీ, దానికి ఒక సైజు పైదీ. కుర్తా మీద వేసుకునేవాళ్లు కుర్తాతోనే, షర్టు టక్ చేసుకునేవాళ్లు షర్టుతోనే వెళ్లాలి. నిలబడి అద్దంలో చూడటం ఆఖర్న. ముందు ఈ పనులు చేయండి.

కూర్చోండి. స్టూలు లేకపోతే బయట చెప్పులు వేసుకునే బల్ల మీదైనా సరే, రెండు నిమిషాలు. పట్టీలో రెండు వేళ్లు దూరాలి. ఒక్క వేలు కూడా దూరకపోతే భోజనం తర్వాత హుక్కు తీసేయాల్సి వస్తుంది. నాలుగు వేళ్లు దూరితే నడుం తగ్గించాలి. చెయ్యి వెనక్కి పెట్టి పట్టీ ఎంత దిగిందో తడిమి చూడండి. అంగుళం లోపు దిగితే సర్దుకోవచ్చు. లోదుస్తులు తగిలేంత దిగితే వెనక లోతు చాల్లేదు. దాన్ని ఏ టైలరూ పెంచలేడు, అక్కడే వదిలేయండి.

స్కూటీ ఎక్కినట్టు కాలు ఎత్తండి. బస్సు మెట్టెక్కినట్టు మోకాలు పైకి తేండి. తొడ దగ్గర పట్టి లాగుతుంటే అదీ వద్దు. గొంతుక్కూర్చుని కింది అరలోంచి ఫైలు తీసినట్టు వంగండి. స్కూలు టీచర్లకు, ఆస్పత్రిలో పనిచేసేవాళ్లకు ఈ ఒక్క పరీక్షే చాలు.

తర్వాత తొడ దగ్గర గుడ్డను చిటికెతో పట్టుకోండి. సాగని గుడ్డకు ఒక పక్క ముప్పావు అంగుళం నుంచి అంగుళంన్నర మడత రావాలి. సీటు చుట్టుకొలతలో మీ ఒంటి కన్నా 2, 3 అంగుళాలు ఎక్కువ ఉండాలి. సాగే గుడ్డకు అంగుళం చాలు.

7. ముడతలు ఏం చెబుతున్నాయి

ఇప్పుడు అద్దం. ముందు, పక్క, వెనక మూడు ఫొటోలు తీయించుకోండి. మెడ తిప్పి చూసుకుంటే ఒళ్లు మెలిపడి, లేని ముడతలు కనిపిస్తాయి.

గజ్జల దగ్గర్నుంచి రెండు పక్కలా పైకి పోయే గీతలు, నవ్వుతున్నట్టు, కనిపిస్తే ముందు లోతు చాల్లేదు లేదా తొడ బిగుతు. కాళ్ల మధ్య కుట్టు లోపలికి చొచ్చుకుపోవడం కూడా ఇదే జబ్బు. పై సైజు వేసి చూడండి, తగ్గకపోతే ఆ కటింగ్ మీది కాదు.

జిప్పు మీద అడ్డగీతలు, జేబులు చెవుల్లా విచ్చుకోవడం: సీటు దగ్గరో పొట్ట దగ్గరో బిగుతు. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, జేబులు కుట్టేయించుకుని అదే ప్యాంటు కొనేయడం. జేబులు కుట్టేసినా బిగుతు పోదు, కొన్నాళ్లకు జిప్పు పక్కన గుడ్డ విచ్చుకుంటుంది. జేబులు కుట్టించాల్సింది ప్యాంటు వదులుగా ఉండి కూడా జేబు సంచి ఉబ్బెత్తుగా కనబడుతుంటేనే.

సీటు కింద తొడ వెనక, వేలాడే మడతలు: వెనక గుడ్డ ఎక్కువైంది. సీటు చదునుగా ఉన్నవాళ్లకు ఇది మామూలే. చిన్న సైజు వేస్తే పోతుందని అనుకుంటారు, పోదు, నడుం పట్టేస్తుంది. వెనక పట్టీ కింద అర అంగుళం, ముప్పావు అంగుళం గుడ్డను మడతగా పట్టి, పక్క కుట్ల దగ్గర సున్నాకు తెచ్చి పిన్నీసు పెట్టండి. మడతలు పోతే టైలరుకు అదే చూపించాలి. అయితే ఆ పిన్నీసుతోనే మళ్లీ కూర్చుని చూడండి, పట్టీ దిగిపోతుంటే ఆ గుడ్డను ముట్టుకోకండి. కొంచెం మడత ఉంటేనే ఒంగగలం. విగ్రహానికి తొడిగినట్టు నున్నగా ఉన్న ప్యాంటు కూర్చునేదానికి పనికిరాదు.

పక్క కుట్టు నడుం నుంచి చీలమండ దాకా దారానికి బరువు కట్టి వదిలినట్టు నిట్టనిలువుగా దిగాలి. ముందుకు వంగితే పొట్టకు గుడ్డ చాల్లేదు, వెనక్కి పోతే సీటుకు చాల్లేదు. పిక్క దగ్గర పట్టుకుని వెనక మోకాలి కింద ముడతలు పోగుపడుతుంటే కాలికి అంటుకుని సన్నగా ఉండే సిగరెట్ ప్యాంటు వదిలి స్ట్రెయిట్ కట్ చూడండి.

8. టైలరు దగ్గర

ముందు ప్యాంటును ఇంట్లో రెండుసార్లు ఉతికి ఆరబెట్టండి. కాటన్ ముడుచుకునేది చాలావరకు ఆ రెండు ఉతుకుల్లోనే. 38 అంగుళాల పొడవులో 3 శాతం అంటే అంగుళం పైనే. కొన్న రోజే పొడవు కోయించుకునేవాళ్లే తర్వాత ‘ఎగిరిపోయింది’ అని బాధపడేది. షాపువాళ్లు అక్కడికక్కడే ఉచితంగా కుట్టిస్తామన్నా, కాటన్ అయితే ఆగండి. (ఉతికితే షాపు తిరిగి తీసుకోదు, కాబట్టి పై పరీక్షలన్నీ ఇంట్లో మరోసారి చేశాకే లేబులు కత్తిరించండి.)

నడుం తగ్గించేటప్పుడు “అన్నా, కొంచెం పట్టించు” అంటే చాలదు. అంకె చెప్పండి. వెనక మధ్య కుట్టులో అంగుళంన్నర, మించితే రెండు అంగుళాల దాకా తీయొచ్చు. అక్కడి నుంచి దాదాపు 7 అంగుళాల కిందికి వచ్చేసరికి పాత కుట్టులో కలిసిపోవాలి. అంతకన్నా ఎక్కువ అక్కడే లాగితే వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చేస్తాయి, పక్క కుట్లు వెనక్కి తిరుగుతాయి. మన ఉదాహరణలో ఎక్స్‌ఎల్ పట్టీ 34 ఉందనుకుంటే, 30 నడుంకు ముప్పావు అంగుళం వదులు ఉంచి తీయాల్సింది మూడుంబావు. దాన్ని పంచాలి: వెనక మధ్యలో అంగుళంన్నర, వెనక రెండు డార్టుల్లో (నడుం దగ్గర గుడ్డను కోసుగా మడిచి కుట్టేవి) అర అంగుళం చొప్పున, పక్క కుట్లలో కలిపి ముప్పావు. లోపల మిగిలిన గుడ్డను కోయొద్దని గట్టిగా చెప్పండి. రేపు ఒళ్లొస్తే విప్పుకునేది అదే.

పొడవుకు రెండు చెప్పులూ వేసుకుని నిలబడి, రెండు కాళ్లకూ విడివిడిగా పిన్నీసు పెట్టించుకోండి. రెండు కాళ్ల మధ్య పావు అంగుళం తేడా వింతేం కాదు. స్ట్రెయిట్ ప్యాంటు వెనక అంచు నేలకు అర అంగుళం పైన ఆగాలి. నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో నడిచి వెళ్లేవాళ్లకు చీలమండ ఎముక దగ్గర ఆగేదే మేలు. హైహీల్స్‌కూ చదును చెప్పులకూ ఒకే ప్యాంటు అంటే కుదరదు, ఒకటి తేల్చుకోండి.

టైలరు చేయలేనివి కూడా తెలిసుండాలి. లోతు తక్కువైతే గుడ్డ పుట్టదు. గజ్జల వంపును పావు అంగుళం కిందికి కోసి కొంత ఊరట ఇవ్వగలడు, అంతే. తొడ బిగుతుకు లోపలి కుట్టులో గుడ్డ ఉంటేనే దారి.

9. రెడీమేడ్ అసలు పట్టకపోతే

సీటుకూ నడుంకూ తేడా 13 దాటినా, లోతు 12 దాటినా నెల్లూరు, ఒంగోలు ట్రంకు రోడ్ల షాపులన్నీ తిరిగి కాళ్లు నొప్పి పెట్టుకోకండి, కుట్టించుకోండి. 58 అంగుళాల పన్నా గుడ్డ సీటు 40 దాకా మీటరుంబావు, అంతకు మించితే మీటరున్నర. 36 అంగుళాల పన్నా అయితే రెండుంబావు మీటర్లు పడుతుంది. కాటన్ అయితే రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వండి.

మగవాళ్ల ప్యాంట్లు మాత్రమే కుట్టే టైలరు దగ్గర ఒక చిక్కుంది. ఆయన చేతికి అలవాటైన కటింగ్‌లో సీటుకూ నడుంకూ తేడా తక్కువ. వెనక ముక్కకు డార్టులు వేయమనీ, వెనక లోతు ముందుకన్నా ఎక్కువ పెట్టమనీ చెప్పాలి. ఆడవాళ్ల టైలరు దగ్గర చిక్కు వేరు, సల్వారు అలవాటుతో గజ్జల దగ్గర గుడ్డ ఎక్కువ వదులుతారు. ఎవరి దగ్గరైనా బాగా పట్టిన పాత ప్యాంటు ఇచ్చి, మీ అంకెలు కాగితం మీద రాసివ్వండి. పట్టీ, జిప్పు వేయకముందు పొడుగు కుట్లతో వదులుగా కలిపి ఒకసారి వేసి చూపించమని అడగండి. ఒకేసారి మూడు కుట్టించకండి. ఒకటి కుట్టించి, నెల వాడి, అప్పుడు మిగతావి.

10. నెల తర్వాత

అదే స్టూలు మీద కూర్చుని మళ్లీ రెండు వేళ్ల పరీక్ష చేయండి. గచ్చు మీద పరిచి నడుం, పొడవు కొలిచి ఫోన్లో పాత అంకె పక్కన రాయండి. నడుం అంగుళం పెరిగి ఉంటే స్పాండెక్స్ చచ్చిపోతోంది. చాలాసార్లు కారణం మనమే, వేడి ఇస్త్రీ, మిట్టమధ్యాహ్నం మిద్దె మీద ఆరబెట్టడం. లోపలికి తిప్పి నీడన ఆరేయండి, ఇస్త్రీ కూడా తిప్పే చేయండి. ఉప్పు బోరు నీళ్లున్న ఊళ్లలో నలుపు, నీలం ప్యాంట్లు బిరుసెక్కి త్వరగా వెలుస్తాయి, ఆఖరి జాడింపైనా మంచినీళ్లతో చేయగలిగితే చేయండి. తొడల మధ్య గుడ్డ నూగులేస్తోందేమో చూసి, చిల్లు పడకముందే లోపల అదే రంగు పలచటి కాటన్ ముక్క వేయించండి. చిల్లు పడ్డాక వేసిన అతుకు స్కూటీ దిగేటప్పుడల్లా కనబడుతుంది.